ఎడారి ఇసుకలో వేరు నేస్తం

జమ్మి వేళ్ళలో కాపురముండే శిలీంద్రాలు ఎన్ని రకాలు? వాటికి అన్ని పేర్లెందుకు? వామ్ పాకెట్ కొనే ముందు రైతు తెలుసుకోవలసిన సంగతులు

మే నెల ఎండలకు రాజస్థాన్‌లోని థార్ ఎడారి పెనంలా కాలుతుంది. జైసల్మేర్ వైపు ఏడాది మొత్తం మీద 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. గడ్డి ఎండిపోయి, పొదలు ఆకు రాల్చేసి ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి పొలాల్లో ఒక చెట్టు కొత్త చిగురు వేస్తుంది. వాళ్ళు దాన్ని ఖేజ్రీ అంటారు, మనం జమ్మి అంటాం. దసరాకు మనం మొక్కే చెట్టే అది. రాజస్థాన్ ప్రభుత్వం 1983లో దాన్ని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా జమ్మే.

థార్ రైతు పొలంలో జమ్మి మొలిస్తే కొట్టెయ్యడు. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. లేత కాయ కూర. చెట్టు చుట్టూ సజ్జ, గోరుచిక్కుడు, పెసర వేస్తాడు. చెట్టు కింద పైరు మిగతా చేను కంటే పచ్చగా ఉంటుందని అక్కడి ముసలి రైతులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. రాలిన ఆకు ఎరువవుతుంది, వేళ్ళు చాలా లోతుకు పోతాయి, గాలిలోని నత్రజనిని పట్టే బుడిపెలూ ఉంటాయి. ఇవన్నీ నిజమే. వీటితో పాటు ఇంకొక కారణం ఉంది. అది కంటికి కనపడదు. వేళ్ళను అంటుకుని బతికే ఒక రకం బూజు అది. శాస్త్రవేత్తలు దాన్ని మైకోరైజా అంటారు. గ్రీకు భాషలో మైకో అంటే శిలీంద్రం, రైజా అంటే వేరు. మన మాటల్లో 'వేరు బూజు' అనుకుందాం.

ఈ మధ్య ఒక రైతు సోదరుడు ఎరువుల కొట్టులో కొన్న పాకెట్ చేతిలో పెట్టుకుని వచ్చాడు. 'ఇది చల్లితే వాన లేకున్నా చెనిక్కాయ కాయ పడుతుందంట. నిజమేనా సార్?' అని అడిగాడు. పాకెట్ మీద వామ్ అని ఉంది, కింద ఇంగ్లీషులో రెండు పొడుగాటి పేర్లున్నాయి. అప్పు తెచ్చి కొన్నది కాబట్టి ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలి. ఆ జవాబు కోసం ఎడారి దాకా పోయి రావాలి.

వేరు బూజు చేసే పని ఏమిటి?

భాస్వరం నేలలో నడవని పోషకం. నత్రజని నీళ్ళతో పాటు కదిలి వేరు దగ్గరికి వస్తుంది. భాస్వరం మాత్రం ఎక్కడ పడితే అక్కడే మట్టికి అతుక్కుని కూర్చుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న భాస్వరాన్ని తినేసిన తర్వాత, పక్కనే ఉన్నా అందుకోలేదు. నేల ఎండితే ఈ కష్టం ఇంకా ఎక్కువ. ఎడారి మొక్కకు నీటి కొరతతో పాటు భాస్వరం కొరత కూడా ఉండేది అందుకే.

ఇక్కడే వేరు బూజు అక్కరకొస్తుంది. బూజు దారాలు వేరు నూగు కంటే సన్నగా ఉంటాయి. వేరు దూరలేని ఇసుక రేణువుల సందుల్లోకి కూడా పాకుతాయి. కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచి భాస్వరం, జింకు, కొంత నీరు తెచ్చి వేరుకు అందిస్తాయి. ఊరికే కాదు, కూలి తీసుకుంటాయి. మొక్క ఎండలో వండుకున్న చక్కెరలో నూటికి 4 నుంచి 20 పాళ్ళ దాకా బూజుకు పోతుంది. కోరుకు చేను ఇచ్చినట్టే. ఇద్దరికీ లాభం ఉన్నంత కాలం పొత్తు సాగుతుంది.

పనిలో పనిగా ఈ దారాలు ఇసుక రేణువులను కలిపి కట్టేస్తాయి. గాలికి కదిలిపోయే ఇసుక తిన్నెల మీద గడ్డి నిలదొక్కుకోవడంలో దీని పాత్ర ఉంది. జైసల్మేర్ వైపు ఆవులకు ఆధారమైన సేవణ్ గడ్డి వేళ్ళలోనూ ఈ బూజు ఉంటుంది.

ఈ పొత్తు కొత్తదేమీ కాదు. స్కాట్లండులో దొరికిన 40 కోట్ల సంవత్సరాల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఇలాంటి బూజు కనిపించింది. నేటికీ భూమి మీది మొక్కల్లో నూటికి 70కి పైగా ఈ బూజుతోనే బతుకుతున్నాయి.

లోపలి బూజు, పైపూత బూజు

వేరు బూజుల్లో ముఖ్యంగా రెండు తెగలున్నాయి. ఒకటి వేరు కణాల లోపలికి చొరబడేది. లోపల చిన్న చెట్టు కొమ్మల్లాగా చీలిపోతుంది. ఇచ్చి పుచ్చుకోవడమంతా ఆ కొమ్మల దగ్గరే. రెండోది వేరు కొనకు పైన తొడుగులా పట్టుకుని ఉండేది. సరుగుడు, పైను, నీలగిరి వంటి చెట్లకు పైపూత బూజు పడుతుంది. వాటిలో నీలగిరికీ, సరుగుడుకూ రెండు తెగలూ ఉండగలవు.

ఎడారిలో రాజ్యమంతా లోపలి బూజుదే. జమ్మి, రేగు, తుమ్మ, గడ్డి జాతులు, సజ్జ, గోరుచిక్కుడు అన్నీ దానికి ఆశ్రయమిచ్చేవే. పైపూత తెగకు, దాని దగ్గరి చుట్టాలకు ఎడారిలో పేరు తెచ్చింది ఒక్కటే, అది అరబ్బు దేశాల ఎడారి ట్రఫుల్. వాన పడిన తర్వాత నేలలో ఆలుగడ్డలా ఊరుతుంది. హీలియాంథిమం అనే చిన్న పొద వేళ్ళను పట్టుకుని పెరుగుతుంది. కువైట్‌లో దీన్ని ఫగా అంటారు, మంచి ధర పలుకుతుంది. బతుకుతెరువుకు కువైట్ వెళ్ళొచ్చిన మన కడప వైపు వాళ్ళు అక్కడి అంగళ్ళలో చూసే ఉండొచ్చు. అసలు మైకోరైజా అనే పేరు పుట్టింది కూడా ట్రఫుల్ వల్లనే. ట్రఫుల్ సాగు చేయవచ్చునేమో చూడమని ప్రభుత్వం పురమాయిస్తే, ఆ పనిలో ఉన్న జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంక్ 1885లో వేరుకూ బూజుకూ ఉన్న పొత్తును గమనించి ఆ పేరు పెట్టాడు.

ఇసుకను గాలించి రకాలు కట్టడం

ఇంత సన్నటి బూజులో రకాలు ఎలా గుర్తు పడతారు? దారాలు చూస్తే అన్నీ ఒకటే. తేడా బీజాల్లో ఉంటుంది. ఈ బూజు మట్టిలో గుండ్రటి సిద్ధబీజాలు పెడుతుంది. మామూలుగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు నుంచి సగం దాకా ఉంటాయి. పెద్దవి చేతి భూతద్దంలో కనపడతాయి.

వాటిని పట్టే పద్ధతి మన ఆడవాళ్ళకు తెలిసిందే. బియ్యంలో రాళ్ళు గాలించినట్టు మట్టిని నీళ్ళలో కలిపి, తేరనిచ్చి, పై నీటిని ఒకదాని కింద ఒకటి పెట్టిన సన్న జల్లెడల మీద పోస్తారు. ఇసుక కింద ఆగిపోతుంది, బీజాలు జల్లెడ మీద మిగులుతాయి. 1963లో గెర్డెమన్, నికల్సన్ అనే ఇద్దరు ఈ పద్ధతిని వివరంగా రాశారు. ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఇదే నడుస్తోంది.

జల్లెడ మీద మిగిలిన బీజాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి రంగు, సైజు, పైన ఎన్ని పొరలున్నాయి, కాడ ఎలా ఉంది అని చూస్తారు. కాయను, తొడిమను చూసి వంగడం చెప్పినట్టే. థార్ ఇసుకలో దొరికిన ముఖ్యమైన ప్రజాతులు ఇవి:

గ్లోమస్: బీజానికి మామూలు కాడ. ఎడారిలో అన్నిటికంటే ఎక్కువగా దొరికేది ఇదే.

గిగాస్పోరా: పెద్ద బీజం. కాడ మొదలు ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంటుంది.

స్కుటెల్లోస్పోరా: ఇదీ ఉబ్బు కాడదే. కానీ బీజం లోపల డాలు లాంటి పలక ఉంటుంది, మొలక అక్కడి నుంచి వస్తుంది.

అకాలోస్పోరా: ముందు ఒక తిత్తి ఊరి, దాని మెడ పక్కన బీజం పుడుతుంది.

స్క్లెరోసిస్టిస్: బీజాలు విడివిడిగా కాక గుత్తిగా కట్టుకుని ఉంటాయి.

జోధ్‌పూర్‌లో 1959 నుంచి నడుస్తున్న కేంద్ర మెట్ట ప్రాంత పరిశోధన సంస్థ, అదే ఊళ్ళోని మెట్ట అటవీ పరిశోధన సంస్థ ఎడారి చెట్ల మీద చేసే పరిశోధనల్లో ఈ బూజులు కూడా ఉన్నాయి. ఒట్టి ఇసుకలో కంటే జమ్మి, రేగు పొదల మొదళ్ళ దగ్గర బీజాలు ఎక్కువ. నీడ, రాలిన ఆకు, బతికున్న వేరు ఉన్న చోటే బూజుకు కాపురం. ఎడారిలో ఒక్కో చెట్టు మొదలు ఒక్కో విత్తన గాదె లాంటిదన్న మాట.

గ్లోమస్‌దే పైచేయి ఎందుకు?

దీనికి కారణం తెలుసుకుంటే మన చేలకూ పనికొస్తుంది. గ్లోమస్ జాతి బూజులు బీజం నుంచే కాదు, తెగిన దారం ముక్క నుంచీ, ఎండిన వేరు ముక్క నుంచీ కూడా మళ్ళీ అంటుకోగలవు. చిన్న బీజాలు త్వరగా పెడతాయి. రెండు వానలు పడి ఆగిపోయే చోట ఇలాంటి తొందర గుణమే నిలబెడుతుంది. గిగాస్పోరా, స్కుటెల్లోస్పోరా అలా కాదు. అవి ప్రధానంగా బీజం నుంచే మొదలు కావాలి. నేలను పదే పదే లోతుగా తిరగేస్తే ముందు దెబ్బతినేవి అవే.

ఒక్క రకం మిగిలితే ఏమవుతుంది అని అడగవచ్చు. ఒక్కో బూజుది ఒక్కో చేతివాటం. కొన్ని వేరుకు దూరంగా దారాలు పంపుతాయి, కొన్ని దగ్గర్లోనే అల్లుకుంటాయి. కొన్ని వేడిని బాగా ఓర్చుకుంటాయి, కొన్ని చౌడును. మన పెద్దవాళ్ళు చేనులో అక్కడి సాళ్ళు, అలసంద, కంది కలిపి వేసుకున్నట్టే, నేలలో బూజులు కూడా నాలుగు రకాలు ఉంటేనే ఏ కాలానికి ఆ కాలం ఏదో ఒకటి ఆదుకుంటుంది.

ఎడారి బూజులు ఎడారికి తగ్గట్టే తయారయ్యాయని చెప్పడానికి ఒమన్ దేశం మంచి ఉదాహరణ. అక్కడి ఎడారిలో ఒకే చోట మూడు కొత్త రకాలు దొరికాయని 2014లో ప్రకటించారు. వాటికి డైవర్సిస్పోరా ఒమనియానా, సెప్టోగ్లోమస్ నఖీలం, రైజోఫేగస్ అరబికస్ అని పేర్లు పెట్టారు. అరబ్బీలో నఖీల్ అంటే ఖర్జూర చెట్లు. ఎడారిలో ఏముంటుందిలే అనుకున్న చోట లోకం చూడని రకాలు బయటపడ్డాయి.

పేర్లు మారాయి, మోసపోకండి

ఇక పాకెట్ మీది పేర్ల సంగతి. వామ్ అంటే మన వంటింటి వాము కాదు. వెసిక్యులర్ ఆర్బస్కులర్ మైకోరైజా అనే పొడుగు పేరుకు పొట్టి రూపం. వెసికిల్ అంటే తిత్తి. గిగాస్పోరా జాతి వేరు లోపల తిత్తులు పెట్టదని తెలిశాక ఆ మొదటి మాట తీసేసి శాస్త్రవేత్తలు ఏఎమ్ అంటున్నారు. కొట్లలో మాత్రం వామ్ అనే పేరే నిలిచిపోయింది. రెండూ ఒకటే.

రకాల పేర్లూ మారాయి. బీజం ఆకారం చూసి కట్టిన వర్గాల్లో కొన్ని, డీఎన్ఏ పరీక్షలో అక్కా చెల్లెళ్ళు కాదని తేలింది. 2001లో ఈ బూజులన్నిటినీ గ్లోమెరోమైకోటా అనే సొంత విభాగంగా వేరు పెట్టారు. 2010లో గ్లోమస్ అనే పెద్ద కుటుంబాన్ని పంచి కొత్త ఇంటిపేర్లు ఇచ్చారు. అందుకే పాత పాకెట్ మీద గ్లోమస్ మోసే అని ఉంటే, కొత్తదాని మీద ఫన్నెలిఫార్మిస్ మోసే అని ఉంటుంది. గ్లోమస్ ఫాసిక్యులేటమ్ ఇప్పుడు రైజోఫేగస్ ఫాసిక్యులేటస్ అయింది. సరుకు అదే. 'కొత్త రకం వచ్చింది, ధర ఎక్కువ' అని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఇప్పటిదాకా పేరు పెట్టిన లోపలి బూజులు ప్రపంచం మొత్తం మీద మూడు వందల పైచిలుకే. వేలల్లో రకాలున్నాయనే ప్రచారం చూస్తే అనుమానించండి.

ట్రైకోడెర్మా అనేది కూడా బూజే కానీ ఇది కాదు. అది తెగుళ్ళ బూజును తినేది, వేరు నుంచి ఇచ్చి పుచ్చుకునేది కాదు. ఒకటి అడిగితే ఇంకొకటి చేతిలో పెడుతున్నారేమో పేరు చూసుకోండి. బూజులన్నీ మేలు చేసేవీ కావు. రాజస్థాన్‌లో ఎండిపోతున్న జమ్మి చెట్ల వేళ్ళలో వేరు తొలిచే పురుగుతో పాటు గానోడెర్మా అనే కుళ్ళు బూజు కనిపించింది. మన కొబ్బరిని చంపే బూజూ ఆ జాతిదే. మంచిదాన్నీ చెడ్డదాన్నీ పేరుతో విడదీయడమే వర్గీకరణ వల్ల రైతుకు దక్కే మొదటి లాభం.

మన నేలకు దీనితో పనేమిటి?

ఉమ్మడి అనంతపురం జిల్లా దేశంలోని వేడి మెట్ట మండలాల లెక్కలో ఉన్నదే. ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. థార్‌కూ మనకూ వానలో, మట్టిలో తేడా ఉన్నా, లోతు లేని ఎర్రనేల, ఎండ, భాస్వరం కట్టుబడిపోవడం అనే కష్టాలు చుట్టరికమే. చెనిక్కాయ, కంది, జొన్న, కొర్ర, సజ్జ, ఉల్లి, మిరప, చీనీ, దానిమ్మ, మామిడి, చింత అన్నీ ఈ బూజుతో పొత్తు పెట్టుకునేవే. ఆవ, క్యాబేజి, కాలీఫ్లవర్, ముల్లంగి మాత్రం పొత్తు పెట్టుకోవు. తోటకూర, బీట్‌రూట్ జాతులు కూడా చాలా వరకు అంతే. వాటికి పాకెట్ కొంటే డబ్బు దండగ.

మీ చేనులో ఈ బూజు ఇప్పటికే ఉంది. గట్టు మీద జమ్మి, రేగు ఉంటే మరీ ఎక్కువ. దాన్ని మనమే పోగొట్టుకుంటున్నాం. ఎలాగంటే:

ఒకటి, చేనును నెలల తరబడి ఒట్టిగా వదలడం. బతికున్న వేరు లేకపోతే బూజుకు తిండి లేదు. వేసవి వానకు నవధాన్యాలు చల్లి నేలకు పచ్చదనం కప్పితే, ముంగారు పైరుకు బూజు సిద్ధంగా ఉంటుంది. ప్రకృతి వ్యవసాయంలో వానకు ముందే పొడి విత్తనం వేసే పద్ధతి దీనికి బాగా నప్పుతుంది.

రెండు, భూసార పరీక్ష చూడకుండా ఏటేటా డీఏపీ వేయడం. భాస్వరం సులువుగా దొరికితే మొక్క బూజుకు కూలి ఇవ్వడం మానేస్తుంది, పొత్తు చెడుతుంది. భాస్వరం అసలే వేయొద్దని కాదు, పరీక్షలో వచ్చినంతే వేయాలి.

మూడు, అవసరం లేకున్నా లోతు దుక్కులు, చెత్త కాల్చడం, పైమట్టి అమ్ముకోవడం. బూజు ఎక్కువగా ఉండేది పై జానెడు మట్టిలోనే.

నాలుగు, కార్బెండజిమ్ వంటి మందులను అదేపనిగా నేలలో పోయడం. తెగులుకు విత్తనశుద్ధి మానమని దీని అర్థం కాదు.

అయిదు, గట్ల మీది చెట్లు కొట్టేయడం. అవి పోతే విత్తన గాదె పోయినట్టే.

ఇంటి దగ్గరే తయారీ

నారుమడికి, పండ్ల మొక్కల గుంతలకు కావలసినంత బూజు రైతు సొంతంగా పెంచుకోవచ్చు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు లోతు గుంత తీసి ప్లాస్టిక్ పట్టా పరిచి, నీరు ఇంకడానికి అడుగున చిన్న చిల్లులు పెట్టండి. ఇసుక, ఎర్రమట్టి కలిపి తడిపి, మే నెలలో పట్టా కప్పి కొన్ని వారాలు ఎండలో ఉడకనివ్వండి. తర్వాత గుంతలో నింపండి. ఆరోగ్యంగా ఉన్న జమ్మి లేదా రేగు మొదట్లో జానెడు లోతు నుంచి సన్న వేళ్ళతో సహా రెండు మూడు బుట్టల మట్టి తెచ్చి, పై నుంచి రెండంగుళాల కింద పొరలా పరచండి. దాని మీద జొన్న గానీ మొక్కజొన్న గానీ దగ్గర దగ్గరగా విత్తండి. డీఏపీ, సూపర్ వేయకండి. రెండు నెలలు పెంచి, నీరు ఆపి, ఎండిన తర్వాత కాండం కోసేసి వేళ్ళు చిన్న ముక్కలుగా నరికి ఆ మట్టిలోనే కలపండి. అదే మీ వామ్. నీడలో ఆరబెట్టి వచ్చే కారులో వాడుకోండి.

ఒక జాగ్రత్త. వంగ, టమాటా వేసి వేళ్ళకు బుడిపెలు కట్టిన చేను మట్టి, కుళ్ళు పట్టిన చెట్టు కింది మట్టి తేవద్దు. బూజుతో పాటు నులిపురుగూ, తెగులూ వస్తాయి.

కొనే పక్షంలో

ఈ సరుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తుంది. గ్రాముకు కనీసం 100 బతికున్న కణాలు, అంటే మొలిచే బీజాలు, దారం ముక్కలు, వేరు ముక్కలు కలిపి ఉండాలి. పాకెట్ మీద రకం పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ చూసి బిల్లు తీసుకోండి. ఎండలో పెట్టి అమ్మేది కొనవద్దు. ఆకుల మీద పిచికారీ చేస్తే ఫలితం లేదు. వేరుకు తగిలేలా నారుమడిలో, నాటే గుంతలో, విత్తనం కింద వేయాలి. ముందు నాలుగు సాళ్ళలో వేసి, నాలుగు సాళ్ళు వదిలి చూసుకోండి. తేడా కనపడితేనే మిగతా చేనుకు.

ఇక ఆ రైతు సోదరుడి ప్రశ్న. వాన లేకున్నా కాయ పడుతుందా? పడదు. వేరు బూజు నీళ్ళు పుట్టించదు, గాలి నుంచి నత్రజనినీ పట్టదు. నేలలో ఉన్న కాస్త తడినీ, కట్టుబడిన చోటి భాస్వరాన్నీ పైరుకు అందిస్తుంది, అంతే. రెండు వానల మధ్య పది పదిహేను రోజుల ఎడం వచ్చినప్పుడు ఆ కాస్తే పైరును నిలబెట్టవచ్చు. ఆ మాట చెబితే ఆయన పాకెట్ అటూ ఇటూ తిప్పి, గడువు తేదీ చూసుకున్నాడు. అది దాటిపోయి నాలుగు నెలలైంది.

'మా గట్టు మీద జమ్మి చెట్టు ఉంది సార్. బొగ్గులకు అడుగుతున్నారు, అమ్మేద్దామనుకుంటిని' అన్నాడు వెళ్తూ. ఇప్పుడు అమ్మడట.